బండ వేషం

బుధవారం నాలుగింటికి
ఆస్పత్రి రెండో అంతస్తులో, ల్యాబు దాటినాక,
చేతుల్లేని కుర్చీలు ఎనిమిది.
చేతులుంటే మాలో కొందరు ఇరుక్కుంటారని
ముందే ఆలోచించి వేసినారెవరో.
ఆ ఒక్క దయకే మొదటిరోజు ఏడ్చేసినా.

నాజిమా మేడమ్ ఎన్ని కిలోలు తగ్గినారని అడగదు.
దానికి కింద మిషనుంది.
"ఈ వారం ఏం పోయింది?" అంటుంది,
బస్సులో మర్చిపోయిన గొడుగు గురించి అడిగినంత మామూలుగా.

చెంగల్రాయులన్నకి చిత్తూరు రోడ్డులో మెస్సు.
ముప్పై ఏళ్లు సాంబారు ఉప్పు ఆయన నాలుకే చూసింది.
ఇప్పుడు గరిటె చివర తాకించి ఊసేస్తాడు.
"సంగటి ముద్ద కట్టి చేతిలో పెట్టుకోని
ఊరికే కూర్చుంటానమ్మా, చల్లారేదాకా.
కడుపుకి ఆకలి లేదు.
చేతికుంది."

దినకరు ఇరవై ఆరేళ్ల పిల్లోడు.
తన లావు మీద తనే జోకేసేవాడు
ఇంకొకరు వేసేలోగా.
ఇప్పుడు పెళ్లిళ్లలో ఏం మాట్లాడాలో తెలీక
ఫోను చూస్తా నిలబడతాడంట.

కోమలత్త దువ్వెన నిండా జుట్టు.
కొన్ని నెలలకి మళ్లీ వస్తుందన్నారు డాక్టరు.
నమ్మినట్టే తలూపి
కొంగు ముందుకి లాక్కుంటుంది.

నా వంతొస్తే
మాత్రల లెక్క చెప్పి తప్పించుకునేదాన్ని.
గుక్కెడు నీళ్లు, కాసేపాగి ఇంకో గుక్కెడు,
గుడ్డు తెల్లసొన సగం.
మేడమ్ వినేది. రాసుకునేది కాదు.

బస్టాండులో విచారణ కౌంటరు నాది.
పలమనేరు బస్సు ఎన్నింటికని అడిగినోళ్లు
జవాబు తీసుకోని కూడా కదలరు.
"ఏమ్మా, షుగరా? ఇట్లా కరిగిపోయినావే!"
తలుపు దగ్గర ఇప్పటికీ పక్కకి తిరుగుతా,
గాలికి దారిస్తున్నట్టు.
కొండ మీద లైన్లో ఒకాయన
ఆధారు కార్డునీ నన్నూ మార్చి మార్చి చూసి
"ఇది మీ అక్కదా?" అన్నాడు.
అవునని చెప్పబోయినా.

మే నెలలో గంగజాతర.
చిన్నప్పుడు బండ వేషాల రోజంటే దాక్కునేదాన్ని.
ఒళ్లంతా కుంకుమ పూసుకోని వీధిలోకొచ్చి
కనబడినోళ్లనల్లా తిట్టే రోజది,
తిట్టించుకుంటే మంచిదనే రోజు.
మా వీధి పిల్లోళ్లకి కుంకుమతో పనిలేదు.
ఏడాదంతా నన్ను పిలిచే పేరే అది:
బండ.
సాయంత్రానికి వాళ్లు కొళాయి కింద వేషం కడుక్కునేవాళ్లు.
నేను దేంతో కడుక్కోవాల?

ఈసారి తాతయ్యగుంట సందులో నిలబడుంటే
వెనకాల నించి కేక, "ఒరే బండా!"
మెడ దానంతటదే తిరిగింది.
ఎర్రటి పిల్లోడొకడు
ఇంకో ఎర్రటి పిల్లోణ్ణి పిలుస్తా
నా పక్కనించి దూసుకుపోయినాడు.
"జరుగక్కా."
అంతే.
నన్ను కాదు.

ఆ బుధవారం ఇదే చెప్పినా, మాత్రల లెక్క కాకుండా.
ముప్పైనాలుగేళ్లు ఏ పేరు వింటే
నేల చీలితే బాగుండనిపించిందో
అది నాది కాదని తెలిసేసరికి
ఇంట్లోంచి ఎవరినో ఎత్తుకెళ్లినట్టుంది మేడమ్, అన్నా.
తిట్లన్నీ అదే తినింది, నా బదులు.
దాన్ని నేనొక్క మంచిమాట అన్లేదు.
సంతకం పెట్టి కత్తి కిందికి పంపించినా.

"సన్నబడినావు కదా, ఇంకేం కావాల?" అని
ఎవరూ అన్లేదు.
అందుకే వస్తాం ఇక్కడికి.
చెంగల్రాయులన్న ముక్కు చీదినాడు.
దినకరు, ఆర్నెల్ల తర్వాత, ఒక జోకేసినాడు.
అంత గొప్పదేం కాదు.
కోమలత్త కొంగు జారినా సర్దుకోకుండా నవ్వింది.
మేడమ్ గడియారం చూసి, చూడనట్టు ఊరుకుంది.

జాతర ముగిసేప్పుడు
అమ్మవారి మట్టి రూపం చెంప తీసి
ఆ మన్ను పంచుతారు.
నాకూ చిటికెడు దొరికింది.
వారం మాత్రల డబ్బాలో, శనివారం అరలో పెట్టినా.

కుర్చీలో నా పక్కన ఖాళీ మిగిలితే
చేసంచి పెట్టుకునేదాన్ని.
మొన్నటిదాకా అక్కడా నేనే ఉండేదాన్ని.
సంచి తీసి
ఒళ్లో పెట్టుకున్నా.